పాయా దిమ్మెలో తూటా

నూర్ బాషాను ఇరాకీ సిపాయి కాల్చి చంపాడని రాయచోటిలో అందరూ అనుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. కువైట్‌లోని ఫర్వానియాలో మా ఊరివాళ్ల గదిలో ఆయన శవం పక్కన కూర్చుని మొదటిసారి చెప్పాను. ఊరికొచ్చాక ఆయన భార్య మస్తాన్ బీకి చెప్పాను. ఆ తర్వాత అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాను. మస్తాన్ బీ పోయినేడు కాలం చేసింది. ఇక ఈ అబద్ధం మోసి నేనెవరిని ఉద్ధరించాలి? అందుకే రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకోవాలనుకునేవాళ్లు నిక్షేపంగా తిట్టుకోవచ్చు.

నా పేరు పెంచల్. 1990లో కువైట్‌లో, రుమైతియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. ఆ ఇంట్లో పనివాళ్లం ముగ్గురం. వంట నూర్ బాషా, ఇంటిపని తిరుపాలమ్మ, బండి నేను. ముగ్గురిదీ రాయచోటి చుట్టుపక్కలే. బాషన్నకు యాభై దాటాయి, ఆ వంటింట్లో పదకొండేళ్లుగా ఉన్నాడు. తిరుపాలమ్మ నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. నోరు గట్టిదే కానీ మనసు మెత్తన. నాకు దగ్గొస్తే తిట్టుకుంటూనే మిరియాల కషాయం కాచి తెచ్చేది.

బాషన్న వంట గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆయన చావు ఆ పొయ్యి మీంచే వచ్చింది. పాయా వండటంలో ఆయనకు సాటి లేరు. గొర్రె కాళ్లను మంట మీద కమిరించి, గీకి, నాలుగు గంటలు ఉడికించి, ఆ నీళ్లను గుడ్డలో వడగట్టి చల్లార్చేవాడు. మర్నాటికి అది గడ్డకట్టేది. వేలి కణుపుతో దాని మీద తట్టి చూసి, వణికితే ముఖం ముడుచుకునేవాడు. "సరిగ్గా కుదరని కూడు నా చేత్తో ఎవురికీ పెట్టను" అనేవాడు. పెట్టడు, నిజమే. కానీ కుదరనిదాన్ని కుదిరినట్టు చేసే కిటుకు కూడా ఆయన దగ్గరుంది. ఫలూదాలో వేసే చైనా గ్రాస్ పొట్లం ఒకటి ఎప్పుడూ డబ్బాలో ఉండేది. ఊళ్లో పెళ్లి వంటలు చేసినప్పుడు నేర్చుకున్నాడట. గడ్డకట్టని దేనిలోనైనా గుప్పెడు ఉడికించి పోసేవాడు. తినేవాళ్లకు తెలిసేది కాదు. ఆయనకు తెలిసేది. ఆ పూట ఎవరి కళ్లలోకీ చూసేవాడు కాదు.

ఆగస్టు రెండున ఇరాకీలు దిగేసరికి మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న ఇంటి యజమాని, ఆయన భార్య మామా, చిన్నపిల్లలు ఎండలు తప్పించుకోవడానికి కైరో వెళ్లి ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఇద్దరే: నడవలేని ముసలమ్మ, కఫీల్ తల్లి; ఆయన పెద్ద కొడుకు ఫహద్. ఫహద్‌కు ఇరవై రెండేళ్లు, యూనివర్సిటీలో చదివేవాడు. మా పాస్‌పోర్టులు కఫీల్ ఇనప్పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి కైరోలో ఉంది. మావాళ్లంతా బస్సులెక్కి బస్రా మీదుగా జోర్డాన్‌కు పోతుంటే మేం ముగ్గురం ఆ ఇంట్లోనే ఉండిపోయాం. ముసలమ్మను వదిలిపెట్టడానికి బాషన్నకు మనసొప్పలేదన్నది కూడా నిజమే.

సెప్టెంబర్ మొదట్లో ఒక ఇరాకీ కెప్టెన్ మా ఇంటికి తిండికి రావడం మొదలుపెట్టాడు. మా వీధి చివర బడిలో వాళ్ల మకాం. ఏ ఇంట్లో వంటవాడు మిగిలాడో ఎలా తెలుసుకున్నాడో కానీ, వారానికి రెండుసార్లు, సరిగ్గా మధ్యాహ్నం జీపు గేటు ముందు ఆగేది. డ్రైవరు జీపులోనే కూర్చునేవాడు. కెప్టెన్ ఒక్కడే లోపలికొచ్చి కఫీల్ కుర్చీలో కూర్చునేవాడు. అతను వచ్చేవేళకు ఫహద్ మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేవాడు.

ఆ కెప్టెన్‌కు ప్రాణభయం ఎక్కువ. తిండిలో విషం పెడతామని తిరుపాలమ్మ చేత ముందు ఒక ముద్ద తినిపించేవాడు. కుర్చీ వెనక పెద్ద కిటికీ ఉంది. అందులోంచి ఎవడైనా కాలుస్తాడేమోనని, తిన్నంతసేపూ ఆమెను తన వీపు వెనకే, కిటికీకి అడ్డంగా నిలబెట్టేవాడు. ఒక చెయ్యి కుర్చీ మీద పెట్టి ఉంచాలి. ఒక మనిషిని తలుపు చెక్కలాగా అడ్డం పెట్టుకుని అన్నం తినే మగవాణ్ణి నేను అక్కడే చూశాను.

సెప్టెంబర్ మధ్యలో పక్కింటి యూసఫ్‌ను తీసుకుపోయారు. ఫహద్‌తో కలిసి చదివినవాడు. మూడోరోజు పొద్దున జీపులో తెచ్చి వాళ్ల ఇంటి గేటు ముందే దింపి, తల్లిని బయటికి పిలిచి, ఆమె చూస్తుండగా తలలో కాల్చారు. కాల్చమని చెయ్యూపింది మా ఇంట్లో తిండి తినే కెప్టెనే. ఆ మధ్యాహ్నం కూడా భోజనానికి వచ్చాడు. బాషన్న వడ్డించాల్సి వచ్చింది. ఆరోజు ఆయన ఏమీ తినలేదు.

ఫహద్ నిర్ణయానికొచ్చేశాడు. పోలీసులో పనిచేసిన మేనమామ పిస్తోలు ఒకటి అతని దగ్గరుంది, ఒక రేకు డబ్బాలో తూటాలున్నాయి. భోజనాల గదికీ వంటింటికీ మధ్య గిన్నెలు అందించే చిన్న కిటికీ ఉంది. అది కెప్టెన్ కుర్చీకి సరిగ్గా ఎదురు. గిన్నె అందించే వంకతో దాని తలుపు తీస్తే చాలు, నాలుగడుగుల దూరంలో అతని గుండె. బయట జీపు డ్రైవర్‌ను ఫహద్ స్నేహితులు ఇద్దరు చూసుకుంటారు. ముసలమ్మను ముందే కూతురింటికి చేర్చేయాలి. తర్వాత ఎవరిదారి వాళ్లది. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. కెప్టెన్ వెనక తిరుపాలమ్మ ఉంటుంది.

ఈ సంగతి ఎత్తింది బాషన్న. ఫహద్ అప్పటికే ఆలోచించినట్టున్నాడు. డబ్బాలోంచి రెండు రకాల తూటాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్కువవాటికి మొన గుండ్రంగా, నున్నగా ఉంది. ఐదింటికి మాత్రం మొనలో చిన్న గుంట ఉంది. ఈ గుంట ఉన్నది ఒంట్లోకి వెళ్లగానే విచ్చుకుంటుందని, విచ్చుకుని అక్కడే ఆగిపోతుందని ఏదో పత్రికలో చదివాడట. నిజమో కాదో ముందు చూద్దామన్నాడు. మనిషి మాంసంలాంటిది కావాలి. అమెరికాలో జెల్లీతో చూస్తారట.

"జెల్లీ కావాలి, యా నూర్. ఇంత పెద్దది" అని చేతులు చాపి చూపించాడు.

ఇంట్లో ఉన్న జెల్లీ పొట్లాలన్నీ కలిపినా ఒక గిన్నెడు కాలేదు. పాయా గడ్డ పనికొస్తుందా అని బాషన్నే అడిగాడు. అడిగినందుకు తర్వాత ఎంత ఏడ్చుకున్నాడో నాకు తెలుసు. అల్ రాయ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీని దోచేసి వదిలేశారని విని ఇద్దరం బండిలో వెళ్లాం. మాంసం, కోళ్లు, చేపలు, చివరికి బల్లలు కూడా ఎత్తుకుపోయారు. గొర్రె కాళ్ల బస్తాలు మాత్రం మూలన పడి ఉన్నాయి. అవెవరికీ అక్కర్లేదు. సగం కరిగి కంపు మొదలైన రెండు బస్తాలు డిక్కీలో వేసుకొచ్చాం. చెక్‌పోస్టులో సిపాయి డిక్కీ తెరిచి, ముక్కు మూసుకుని పొమ్మన్నాడు.

బాషన్న రెండు డేగిసాల్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉడికించాడు. ఫ్రిజ్‌లో కూరగాయలు పెట్టే సొరుగులు రెండు ఖాళీచేసి అందులో పోసి గడ్డకట్టించాడు. మర్నాడు పొద్దున ఆ రెండు దిమ్మెలనూ నేలమాళిగలో, దినుసులు దాచే గదిలో, వరసగా బల్ల మీద పెట్టాం. వెనక బియ్యం బస్తా, చుట్టూ పరుపులు. తూటా చప్పుడు వినబడకుండా బయట జనరేటర్ ఆన్ చేసి వచ్చాను. తిరుపాలమ్మ పై అంతస్తు గదిలో ముసలమ్మకు తల దువ్వుతోంది.

ఫహద్ మొదట గుండ్రటి మొన తూటా కాల్చాడు. చెవులు గుయ్యిమన్నాయి. రెండు దిమ్మెలూ దాటి, బస్తా కూడా దాటి, తూటా వెనక గోడ సున్నం రాల్చింది. బియ్యం బొటబొటా కారుతుంటే బాషన్న వెళ్లి అరచేయి అడ్డం పెట్టాడు. తర్వాత దిమ్మెలను కొంచెం పక్కకు జరిపి గుంట మొన తూటా కాల్చాడు. ఈసారి వెనకనుంచి ఏమీ బయటికి రాలేదు. ఫహద్ కత్తితో మొదటి దిమ్మెను కోశాడు. చివరికి ఇంకా జానెడు ఉందనగా తూటా ఆగిపోయి ఉంది. మొన విచ్చుకుని, రేకులు వెనక్కి మడతపడి, చిటికెన వేలంతది బొటనవేలంత అయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఫహద్ నవ్వాడు. యూసఫ్ పోయాక అతను నవ్వడం అదే మొదలు. బాషన్న నుదుటి మీద ముద్దుపెట్టి, "ఖలాస్. మీ తిరుపాలమ్మకు ఏమీ కాదు" అన్నాడు.

బాషన్న నేలచూపులు చూస్తున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

వంటింట్లోకి వచ్చాక అడిగాను.

"ఏందన్నా అట్లుండావు?"

"దాంట్లో చైనా గ్రాస్ ఏసినా పెంచలూ."

"ఎంత?"

"రెండు పొట్లాలు. ఆ పాడు కాళ్లు గడ్డ కట్టలా. నీళ్లు నీళ్లగా ఉన్నింది. అట్లా వణికేదాన్ని ఆ పిల్లోని ముందర యాడ పెట్టేది? సిగ్గయింది నాకు. చెయ్యి ఊరుకోలే, ఏసేసినా. అది మాంసం మాదిరి లేదబ్బా, చెప్పు అట్ట మాదిరి ఉండాది."

ఏమనాలి ఈయన్ని? మనిషి ప్రాణానికి తూకం వేసేచోట కూడా ఈయనకు వంట కుదరడం ముఖ్యమైంది. కోపంతో నోటికొచ్చినట్టు తిట్టాను. తలొంచుకుని పడ్డాడు. తర్వాత నేరుగా ఫహద్ దగ్గరికి వెళ్లి, వచ్చీరాని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. మిగిలిన కాళ్లతో మళ్లీ చేస్తాను, ఏమీ కలపను, ఇంకొకటి కాల్చి చూడు బాబా అని బతిమాలాడు. ఫహద్‌కు అర్థమైనట్టే ఉంది, కానీ అర్థం చేసుకోదలచలేదు. గుంట మొనవి ఇంకా నాలుగే ఉన్నాయి. ఒక్కో తూటా ఒక్కో మనిషి, జెల్లీకి దండగ చెయ్యను అన్నాడు. జెల్లీ జెల్లీనే కదా యా నూర్ అన్నాడు. ఆ మధ్యాహ్నమే ముసలమ్మను నా బండిలో కూతురింటికి పంపించేశాడు. కెప్టెన్ మర్నాడు వస్తాడు.

పొద్దున్నే బాషన్న నన్ను ఫ్రిజ్ దగ్గరికి పిలిచాడు. మిగిలిన కాళ్లను ఏమీ కలపకుండా కాచి ఒక గిన్నెలో పోసి పెట్టాడు. మామూలు పాయా. చూపుడువేలు దాని మీద పెట్టి నొక్కాడు. వేలు మొదలుదాకా దిగి గిన్నె అడుగుకు తగిలింది. తర్వాత సొరుగులో మిగిలిన దిమ్మె ముక్క మీద నొక్కాడు. గోరు కూడా దిగలేదు.

"చూసినావా? దాటుతాది పెంచలూ. ఆయప్పను దాటి ఆ పాపకు తగుల్తాది."

"తగలకపోవచ్చు గూడా. నీ వేలు తూటానా ఏమి?"

"తిరుపాలుకు చెప్దాం. ఆ పాపకు ముందే తెలిస్తే పక్కకన్నా జరుగుతాది."

ఇక్కడ నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను. "నీకేమన్నా తిక్కా? చెప్తే ఆయమ్మ వణుకుతాది. వాడు మొగం చూసి కనిపెడతాడు. నలుగుర్నీ గేటు కాడ నిలబెట్టి కాలుస్తాడు. నాకు ఇద్దరు బిడ్డలుండారు. గమ్మునుండు" అన్నాను. ఆయనకూ ముగ్గురు బిడ్డలున్నారని ఆ క్షణంలో నాకు గుర్తురాలేదు. ఫహద్ కూడా ఆమెకు చెప్పొద్దనే అన్నాడు. కానీ ఫహద్ మాట బాషన్న వినేవాడు కాదు, అప్పటికే చెప్పడానికి సిద్ధమయ్యాడు. నా మాట విని ఆగాడు.

కూర గిన్నె దించి పొయ్యి కట్ట తుడిచాడు. తర్వాత మొహం కడుక్కున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, నమాజు చేసుకున్నాడు. జీపు చప్పుడు వినబడేముందు తిరుపాలమ్మను పిలిచి, నేలమాళిగలోంచి రెండు గిద్దెల కందిపప్పు తెమ్మన్నాడు.

"ఇప్పుడు పప్పెందుకన్నా, వాడొచ్చే యాళయింది" అంది ఆమె.

"తెమ్మంటే తేమ్మా. ప్రతిదానికీ ఎదురు చెప్తావు."

ఆమె గొణుక్కుంటూ మెట్లు దిగింది. బాషన్న వెనకే వెళ్లి తలుపు మూసి గడియపెట్టి వచ్చాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నీళ్ల కూజా తీసుకుని, నా భుజం తట్టి, "అన్నం గిన్నె నువ్వు అందియ్యి" అన్నాడు. అంతే.

కెప్టెన్ వచ్చి కూర్చున్నాడు. ఆడమనిషేదని అడిగాడు. జ్వరమొచ్చిందన్నాడు బాషన్న. కెప్టెన్ ఆయన్ని ఎగాదిగా చూసి, ముందు నువ్వు తిను అన్నాడు. బాషన్న తిన్నాడు. వెనక్కి వెళ్లి కుర్చీ మీద చెయ్యివేసి నిలబడ్డాడు. చిన్న కిటికీ సందులోంచి ఇదంతా నాకు కనబడుతోంది. ఫహద్ నా పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. వెనక నిలబడింది ఎవరో చూసి కనుబొమలు ఎగరేశాడు, కానీ ఆగలేదు. అతనికి తన తూటా మీద నమ్మకం ఉంది మరి. తీయమని కళ్లతో సైగ చేశాడు. నేను తలుపు తీశాను. తీసింది నేనే.

ఒక్కటే చప్పుడు. కెప్టెన్ పళ్లెం మీదికి వాలిపోయాడు. బాషన్న కదలకుండా నిలబడే ఉన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆయన కూజాను జాగ్రత్తగా కిందపెట్టి, గోడకు ఆనుకుని, మెల్లగా నేలమీద కూర్చున్నాడు. ఉతికిన చొక్కా పొట్ట దగ్గర తడిసింది. ఫహద్ పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకుని, మనిద్దరి దేవుడూ ఒక్కడే కదా యా నూర్, నన్ను క్షమించు, నాకు తెలియదు అని ఏడ్చాడు. తెలియదట. చెప్పినా వినకపోతే ఎవరికి మాత్రం తెలుస్తుంది?

బయట పని స్నేహితులు ముగించారు. ఆ సంగతి నేను చూడలేదు. శవాలనూ జీపునూ ఎక్కడికో తీసుకుపోయారు, ఫహద్ కూడా వాళ్లతోనే వెళ్లాడు. మళ్లీ అతని కబురు నాకు తెలియలేదు. నేను కిందికి పరుగెత్తి గడియ తీశాను. తిరుపాలమ్మ తలుపు బాది బాది చేతులు కమిలిపోయి ఉంది.

"నన్నెందుకు లోపలేసి పెట్టినాడు ఆ ముసిలోడు? వాని చేతులు పడిపోను. బుద్ధుండాదా వానికి?" అని తిడుతూనే మెట్లెక్కింది. పైకొచ్చి చూసేదాకా తిట్టింది.

బండి వెనక సీట్లో ఆమె ఒళ్లోనే బాషన్న పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే తూటా ఎక్కడిదని అడుగుతారు, అందరం చస్తాం. ఫర్వానియాలో మా ఊరి కరీముల్లా గదికి చేర్చాం. శవానికి స్నానం చేయించేటప్పుడు కరీముల్లా వీపంతా తడిమి చూశాడు. తూటా లోపలే ఉండిపోయింది. ఎవరు కాల్చారని అడిగాడు. చెక్‌పోస్టులో సిపాయి అన్నాను.

వారం తర్వాత తిరుపాలమ్మా నేనూ పాస్‌పోర్టులు లేకుండానే బస్సెక్కాం. ఎంబసీ వాళ్లిచ్చిన కాగితం ఉంది. బస్రా దాటాక ఎడారిలో బస్సు చెడిపోయి ఆగింది. పట్టపగలు, బస్సు నీడలో కూర్చున్నాం. అప్పుడు అడిగింది, నా జాగాలో ఆయనెందుకు నిలబడినాడని. తూటాలూ, దిమ్మెలూ, చైనా గ్రాసూ, అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు.

"వానికి తలనొప్పుండేది పెంచలూ" అంది.

"ఎవురికి?"

"ఆ కెప్టెనుకు. మీరు గిన్నెలందిచ్చి ఆ చిన్న కిటికీ మూసేసినాక, సగం కూడు తిన్యాక, నెత్తిన ఏసుకునేదానికి తడిగుడ్డ తెమ్మని నన్ను బాత్రూముకు పంపేవాడు. ప్రతిసారీ. గుడ్డ తడిపి, పిండి, నేను తిరిగొచ్చేదాంక ఆ కుర్చీ యెనకాల పురుగు గూడా ఉండదు. ఒక్క మాట నన్నడిగింటే చెప్పేదాన్ని గదప్పా. ఎవురూ అడగలేదే. నాకు చెప్పొద్దనింది ఎవురు?"

"ఫహద్" అన్నాను.

ఆమె ఆ పేరును ఆ రోజంతా తిట్టింది. ఇప్పటికీ తిడుతుందని విన్నాను. తిరుపాలమ్మ బతికే ఉంది, ఇప్పుడు కూతురి దగ్గర లక్కిరెడ్డిపల్లెలో ఉంటోంది. ఆమెకు చదువు రాదు. అక్కడివాళ్లెవరైనా ఇది చదివితే, ఆమెను కూర్చోబెట్టి ఈ ఒక్క ముక్క వినిపించండి. నీకు చెప్దామని బాషన్న అన్నాడు తిరుపాలక్కా. వద్దన్నది నేను.